గేదె పట్టేంత దారి

బడి గంట నబవియ్యా ఇంటి డాబా మీదికి పక్క గదిలో మోగినట్టు వినిపిస్తుంది. గంటే కాదు, పొద్దున పిల్లల్ని వరసల్లో నిలబెట్టి హాజరు పిలుస్తుంటే ఏ పిల్ల పలికిందో, ఏ పిల్ల పలకలేదో కూడా తెలిసిపోతుంది. అక్టోబరు నుంచి ఆవిడ మనవరాలు రిహామ్ పేరు పిలిచినప్పుడల్లా అటునుంచి జవాబు లేదు. కొన్నాళ్ళకి ఆ పేరు పిలవడమే మానేశారు. ఆ రోజు నబవియ్యా ఆరేస్తున్న దుప్పటిని తాడు మీద కుప్పగా పడేసి కిందికి దిగిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక వంటింట్లో ఉన్న గిన్నెలన్నిటినీ తిట్టింది.

ఇంటికీ బడికీ మధ్య ఉన్నది ఏపాటి? మొదట ఆవిడ సొంత పొలం. దాని అవతల తమ్ముడు షహాతా ఖాళీ స్థలం. ఆ స్థలం గోడకి ఆనుకునే బడి వెనక గేటు. కానీ మనుషులు నడిచే దారి అలా లేదు. ఇంటిముందు సందు ఉత్తరాన పొడుగ్గా పెద్ద రోడ్డు దాకా పోతుంది, దక్షిణాన మురుగు కాలువ దగ్గర గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. పక్క సందూ అంతే, దాని పక్కదీ అంతే. ఒక సందులోంచి ఇంకో సందులోకి పోవాలంటే ప్రతివాడూ పెద్ద రోడ్డు ఎక్కి దిగాల్సిందే. కఫ్ర్ సఫ్సాఫ్ ఊరంతా ఒక దువ్వెన, దాని పళ్ళ మధ్య ఇరుక్కున్న పేలం మనం అనేది నబవియ్యా.

ఆ పెద్ద రోడ్డు మీద ఒకప్పుడు గాడిదలు నడిచేవి. ఇప్పుడు రింగు రోడ్డు దిగిన లారీలు, కైరో నుంచి జనాన్ని కుక్కుకొచ్చే మైక్రోబస్సులు, వాటి మధ్య దూరే టుక్‌టుక్‌లు. నడిచేవాడికి పక్కన జానెడు చోటు లేదు. బడులు తెరిచిన కొత్తలో, పుస్తకాల సంచి వీపున వేసుకుని రోడ్డు వారగా పోతున్న రిహామ్‌ని ఒక మైక్రోబస్సు గోడకి నొక్కేసింది. ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం ఇనపకడ్డీలు వేసినా మునుపటిలా కాలేదు, చంకలో కర్ర వచ్చింది. బడి మానేసింది. చదువంటే భయం కాదు దానికి, రోడ్డంటే భయం. హారను వినిపిస్తే చాలు మంచం కోడు పట్టుకునేది. "ఆ రోడ్డు మీదికి నేను రాను అమ్మమ్మా, కొట్టినా రాను" అని ఒకసారి చెప్పింది, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ టీ తాగి, దాని నుదుటి రాత అని చెప్పి వెళ్ళారు. షహాతా కూడా అదే అన్నాడు. రాశారు కదా మీరంతా కలిసి, రాత కాకేమవుతుంది అని నబవియ్యా అతని మొహం మీదే అనేసింది. అతనికి అర్థం కాలేదు, లేక అర్థం కానట్టు నటించాడు. హజ్‌కి వెళ్ళొచ్చాక అతనికి ఆ నటన బాగా అబ్బింది.

వాళ్ళ నాన్న ఉన్న రోజుల్లో ఇదంతా పొలమే. పెద్ద రోడ్డు నుంచి దక్షిణానికి సన్నని పొడుగాటి మళ్ళు, పట్టీల్లాగా పక్కపక్కనే ఉండేవి. పడమర కాలువ. ఆ కాలువ నుంచి ఒక బోదె తవ్వి, అన్ని మళ్ళ చివర్లనీ అడ్డంగా కోసుకుంటూ తూర్పుకి తీసుకుపోయారు. బోదె పక్కన గట్టు. నీళ్ళు బోదెలో నడిచేవి, మనుషులూ పశువులూ గట్టు మీద నడిచేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళు ఆ గట్టు మీదే పోయారు, పాడెలూ దాని మీదే పోయాయి. బడి కట్టేటప్పుడు కాలువ పక్క మడి చివర నాన్నే ఇచ్చాడు, బోదెని బడి కిందుగా గొట్టంలో పోనిచ్చాడు. పిల్లలు గట్టు మీంచి వస్తారని వెనకవైపు గేటు పెట్టారు. తల్లి పోయాక పసివాడైన షహాతాని నబవియ్యాయే చంకనేసుకుని ఆ గేటు దాకా మోసింది.

నాన్న పోయాక మడులు పంచారు. కాలువ వైపువి రెండు షహాతాకి, లోపలిది ఒకటి ఆడపిల్ల కాబట్టి నబవియ్యాకి. అప్పటికి రింగు రోడ్డు వచ్చింది. రోడ్డు వచ్చిన మరుక్షణం ఊళ్ళో మొక్కజొన్న తినేవాడు లేనట్టు అందరూ ఇటుకలు నాటడం మొదలెట్టారు. మడిని నిలువునా ముక్కలు కోసి అమ్మారు. పక్కపక్క మడులవాళ్ళు చెరిసగం నేల వదిలితే మధ్యన ఒక సందు. అంతవరకూ న్యాయంగానే చేశారు. అడ్డంగా దారి కావాలన్న ఊసు ఒక్కడికీ రాలేదు, ఎందుకంటే అడ్డదారి ఎప్పుడూ ఉంది, గట్టుంది కదా. ఆ గట్టుని, బోదెని ఎవరూ అమ్మలేదు. కొన్నవాళ్ళు మాత్రం తమ ముక్కలో అది కూడా ఉందనుకుని పూడ్చి ఇళ్ళు కట్టుకున్నారు. తూర్పు సందుల్లో ఒక ఏడు నీళ్ళు రావడం ఆగింది, ఇంకో ఏడు మనుషులు రావడం ఆగింది. ఊరు పెరిగిందని సంబరపడ్డారు. పెరిగింది ఊరు కాదు, గోడలని నబవియ్యా అంటే, పెద్దదానివయ్యావు నీకేం తెలుసన్నారు.

ఆవిడ చేసిన బుద్ధితక్కువ పని కూడా ఒకటుంది. షహాతా రెండేళ్ళుగా చెవిలో పోరుపెట్టాడు: అక్కా, పొలం బీడు పెట్టు, బీడైతే ఎవడూ అడగడు, ఫర్గలీ అని కాంట్రాక్టరున్నాడు, మన ఇద్దరి నేలా కలిపి పెద్ద బిల్డింగు కడతాడు, నీకు రెండు ఫ్లాట్లు, ఒకటి నీకు, ఒకటి సబాహ్‌కి. సబాహ్ అంటే నబవియ్యా కూతురు, రిహామ్ తల్లి, మొగుడు గల్ఫ్‌లో మేస్త్రీ పని. మోకాళ్ళు అరిగిపోయి ఉన్న నబవియ్యా సరేనంది. మొక్కజొన్న కోసేసి, మళ్ళీ దున్నలేదు. ఆ వేసవిలోనే షహాతా తన స్థలంలో బోదె పూడ్చి, చుట్టూ ఇటుక గోడ లేపాడు. బడి వెనక గేటు ఆ గోడ వెనక పడిపోయింది. గేదె ఇంటి ముందు కట్టుకొయ్యకి కట్టి పడి ఉంటోంది, అదీ అమ్మేద్దామనుకున్నారు.

కాలు విరిగిన పిల్లని ఆస్పత్రి నుంచి తెచ్చాక నబవియ్యా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. టీ ఇస్తే వద్దంది.

"ఒరే షహాతా, గట్టంత చోటు వదలరా. పిల్ల కర్రతో నడవాలి. నా పొలంలోంచి నేనిస్తా, నీ స్థలంలోంచి నువ్వియ్యి. వెనక గేటు తీయించుకుందాం."

"నా ప్రాణం అడుగక్కా, ఇచ్చేస్తా. ఆ స్థలం ఇప్పుడు నాది కాదు. ఫర్గలీకి మాటిచ్చేశా."

"మాటేగా ఇచ్చావు. కాంక్రీటు పోయలేదుగా."

"అక్కడ దారి వదిలితే బిల్డింగు సన్నబడిపోతుందక్కా. సన్నబడితే నీ రెండు ఫ్లాట్లకే ఎసరు. నీ కూతురి కోసమే చెప్తున్నా."

"బిల్డింగు సన్నబడకూడదు. నా మనవరాలి కాలు సన్నబడొచ్చు."

షహాతా తల దించుకున్నాడు, కానీ జవాబు మార్చలేదు. పిల్లని టుక్‌టుక్‌లో పంపమన్నాడు. టుక్‌టుక్ ఏ దారిన పోతుందని అడిగితే టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాడు.

నబవియ్యా అక్కడితో ఆగే మనిషి కాదు. ఇళ్ళకీ దారులకీ అనుమతులిచ్చే సర్కారు ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టి, గోడమీది మ్యాపులో వేలు పెట్టి చూపించాడు. కఫ్ర్ సఫ్సాఫ్ ఉండాల్సిన చోట ఇళ్ళు లేవు, సందులు లేవు, ఆకుపచ్చ రంగుంది. "ఇదంతా సాగు భూమమ్మా. ఇళ్ళే లేని చోట మేం దారెక్కణ్ణుంచి తెచ్చిస్తాం?" అన్నాడు. వేలమంది తిని, కని, చచ్చే ఊరు కాగితం మీద ఇంకా పచ్చిక మేస్తోంది. అందరికీ అన్నీ తెలుసు. కరెంటు బిల్లు మాత్రం ఆ లేని ఇళ్ళకి ప్రతి నెలా వస్తుంది.

బస్సులో తిరిగి వస్తుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పొలమేనట. సరే, పొలమే అనుకుందాం. ఆ మాట పట్టుకుని ఆలోచిస్తూ దిగాల్సిన చోట దిగడం కూడా మర్చిపోయింది. పొలం అయితే పొలం కట్టుబాటు కూడా ఉండాలి కదా. నాన్న నోట ఎన్నిసార్లు వినలేదు, ఊళ్ళో ఎన్ని తగవులు దానిమీద తీరలేదు! బోదె చివర్న పచ్చటి పైరున్నంతకాలం, మొదట్లో ఉన్నవాడు నీటి దారి కట్టెయ్యకూడదు. వాడు ఎంత మోతుబరైనా సరే. బీడు పెట్టినవాడికి ఆ హక్కు లేదు. షహాతా బీడు పెట్టించింది ఎందుకో ఆవిడకి ఇప్పుడర్థమైంది. ఫర్గలీ తెలివి అయ్యుండాలి, తమ్ముడికి అంత బుర్ర లేదు.

మర్నాడే పశువుల మేతకి వేసే బర్సీమ్ విత్తనాలు తెచ్చింది. పొలం మొత్తం దున్నే ఓపిక లేదు, బోదె పక్కన ఉన్న ముక్క పారతో తవ్వుకుంది. ఇంటి కొళాయి నుంచి డబ్బాలతో నీళ్ళు మోసింది. సందులోవాళ్ళు నవ్వారు. దక్షిణాది నుంచి వలసొచ్చి పక్కన ఉంటున్న సయీదీ ఆడవాళ్ళు, హజ్జా అని మర్యాదగా పిలుస్తూనే, ఫ్లాట్లోకి మారేటప్పుడు మేత కూడా లిఫ్టులో తీసుకెళ్తావా అని ఏడిపించారు. రిహామ్ మొదట కిటికీలోంచి చూసింది, తర్వాత గట్టు మీద కూర్చుంది, ఆ తర్వాత ఒంటిచేత్తో చిన్న డబ్బా మోసింది. షహాతా ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, "ముసలాళ్ళకి ఏదో కాలక్షేపం ఉండాలిలే" అని పోయాడు. బర్సీమ్ మొలకెత్తితే ఏమవుతుందో మర్చిపోయినవాడు ఆ ఊళ్ళో ఉన్నాడంటే, వాడు రైతు కొడుకని చెప్పుకోవడం మానెయ్యాలి.

జనవరిలో ఏటేటా చేసినట్టే పూడిక తియ్యడానికి కాలువకి నీళ్ళు ఆపారు. ఆ అదను చూసుకుని ఫర్గలీ షహాతా స్థలంలో స్తంభాలకి గుంతలు తవ్వించాడు, లోపల ఇనపచువ్వలు కట్టించాడు. కాంక్రీటు శుక్రవారం పోస్తామన్నారు. మా వైపు ఇళ్ళన్నీ శుక్రవారమే పుడతాయి, ఆ రోజు ఆఫీసులకి సెలవు, అడిగేవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. ఆ వారంలోనే కాలువలోకి నీళ్ళు వదిలారు. గురువారం మధ్యాహ్నం నబవియ్యా హజ్ మిత్వల్లీ ఇంటికి వెళ్ళింది. ఊళ్ళో నీటి తగవులు, గట్టు తగవులు తీర్చే పెద్దమనిషి ఆయనే. అద్దెకిచ్చే నీటి ఇంజనూ ఆయనదే, తుప్పు పట్టి పాకలో పడి ఉంది.

"ఇంజను కావాలి" అంది.

"నీళ్ళు ఎక్కడికే?"

"నా మేతకి."

ఆయన ఆవిడ మొహం కాసేపు చూశాడు. తెలిసిపోయింది. తన మడి అమ్మినప్పుడు ఆయన కూడా గట్టు సంగతి ఎత్తలేదు, ఆ సిగ్గు ఆయనకి లోపలెక్కడో ఉంది. ఇంజనులో డీజిలు పోయించి కాలువ దగ్గరికి పంపాడు.

నబవియ్యా షహాతా గోడ దగ్గరికి గునపం తీసుకుని వెళ్ళింది. పాత బోదె ఎక్కడ దాటేదో కళ్ళు మూసుకున్నా చెప్పగలదు. గోడ అడుగున నాలుగు ఇటుకలు ఊడబెరికింది. తన పొలం వైపున ఒకటి, బడి వైపున ఒకటి, అలా రెండు కన్నాలు. బడి కిందినుంచి వచ్చే గొట్టం మూతిలో ఎవరో గోనె కుక్కి ఉంచారు. దాన్ని లాగుతుంటే పేరుకున్న మురికి ఆవిడ చేతుల మీద పడింది. రెండు కన్నాల మధ్య పూడ్చిన మట్టిని పారతో తోడింది. సబాహ్ పరుగెత్తుకొచ్చి, అమ్మా వద్దే, మన ఫ్లాట్లే అంటూ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుంది. కాలువ దగ్గర ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

నీళ్ళు గొట్టంలోంచి నల్లగా వచ్చాయి. తర్వాత ఎర్రగా, తర్వాత మామూలు కాలువ నీళ్ళలా వచ్చాయి. బోదెలో పట్టినంత పట్టి, మిగతాది పక్కకి పొర్లి ఫర్గలీ గుంతల్లో పడింది. ఒక్కో గుంతా నిండుతుంటే నబవియ్యా పార ఊతంగా పట్టుకుని నిలబడి చూసింది. చాలా ఏళ్ళుగా ఆవిడకి అంత హాయిగా లేదు, ఆ మాట దాచుకోవడం దేనికి.

షహాతా వచ్చేసరికి మడమల దాకా నీళ్ళున్నాయి. తెల్లటి గలాబియ్యా అంగీ అంచులు పైకెత్తి పట్టుకుని, బూట్లతోనే దిగాడు.

"నీకు పిచ్చెక్కిందా అక్కా? రేపు పోతకి మనుషులొస్తున్నారు."

"నా మేత ఎండిపోతోంది. నీళ్ళు కట్టుకుంటున్నా."

"నీళ్ళు కట్టడానికి ఇదేమైనా పొలమా?"

"కాదా? మరి ఆ గోడవతల పచ్చగా ఉన్నదేంటి, నీ ఇంట్లో తివాచీయా?"

అప్పుడు చూశాడు అతను. కన్నంలోంచి చూశాడు, గోడ మీంచి చూశాడు. చూసి మొహం పాలిపోయింది. ఆ కట్టుబాటు అతనికీ తెలుసు, తెలిసీ మర్చిపోయాడు. పార లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"కొట్టరా. ఈ గట్టు మీదే నిన్ను చంకనేసుకుని బడికి మోశాను. అప్పుడే జారి బోదెలో పడేసినా ఇవాళ నాకీ తిప్పలుండేవి కాదు."

గోడ దగ్గర మూగిన జనంలో ఎవరో నవ్వారు. షహాతా చెయ్యి వదిలేశాడు. పెద్దల దగ్గర తేల్చుకుంటానని తడిసిన బూట్లు చేత పట్టుకుని వెళ్ళాడు.

శుక్రవారం నమాజు అయ్యాక మిత్వల్లీ గుమ్మం ముందు బల్లలు వేశారు. షహాతా, ఫర్గలీ ఒక పక్క. నబవియ్యా ఒక్కతే ఇంకో పక్క. తూర్పు సందులవాళ్ళు వెనక నిలబడ్డారు. షహాతా మొదలెట్టాడు. బీడు నేలలో గుప్పెడు మేత చల్లి దాన్ని పైరంటే ఎలా, ఇన్నాళ్ళు ఊరుకుని ఇప్పుడు నీళ్ళడిగితే ఎలా, తనది నష్టం కాదా అని ఏకరువు పెట్టాడు. మిత్వల్లీ అతన్ని మధ్యలోనే ఆపాడు.

"పైరు పచ్చగా ఉందా లేదా?"

"ఉంది."

"నీళ్ళ దారి మూసింది ఎవరు?"

షహాతా నేల చూశాడు. అప్పుడు ఫర్గలీ గొంతు సవరించుకున్నాడు. అసలు మాట అతను దాచిపెట్టుకున్నాడు. చాలా తియ్యగా మాట్లాడే మనిషి. అమ్మ హక్కు అమ్మదే, కాదనేవాడు పాపానపోతాడు, నీళ్ళు అమ్మకి రావాల్సిందే, కాబట్టి నా ఖర్చుతో నేల కింద మంచి గొట్టం వేయిస్తా, పైన నా బిల్డింగు నేను కట్టుకుంటా, ఆవిడ నీళ్ళు ఆవిడకి, మా గోడ మాకు అన్నాడు. బల్లల మీద కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఇదేదో అందరికీ బాగుందనిపించింది. షహాతా మొహంలో రంగు తిరిగి వచ్చింది.

నబవియ్యాకి ఆ తియ్యదనం వెనకున్న లెక్క తెలిసిపోయింది. నీళ్ళు వస్తాయి, దారి రాదు. ఇంత చేసి, డబ్బాలు మోసి, గునపం పట్టి, మళ్ళీ పిల్ల మంచం కోడు పట్టుకుని కూర్చోవాలి. లేచి నిలబడింది.

"గొట్టం వెయ్యి నాయనా. బాగుంది. మరి నా గేదె కూడా ఆ గొట్టంలోంచే పోవాలా?"

ఎవరికీ అర్థం కాలేదు.

"నా గేదె కాలువలో నీళ్ళు తాగాలి, కాలువలో పొర్లాలి. మా నాన్న గేదె గట్టు మీంచే వెళ్ళింది, మా తాత గేదె గట్టు మీంచే వెళ్ళింది. నీటి దారంటే నీళ్ళకేనా? నీళ్ళ దగ్గరికి పోయే పశువుకి కాదా? చెప్పు హజ్ మిత్వల్లీ. లేదంటే దాన్ని రోజూ పెద్ద రోడ్డు ఎక్కించి, మైక్రోబస్సుల మధ్య తోలుకుపోతా. అది ఎవడి అద్దం పగలగొట్టినా షహాతా కట్టుకుంటాడు."

ముందు సయీదీ ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత వెనకున్న మగాళ్ళు, చివరికి మిత్వల్లీ కూడా భుజాలు ఊగేలా నవ్వాడు. ఫర్గలీ ఒక్కడే నవ్వలేదు. నవ్వు ఆగేసరికి నబవియ్యా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నవ్వండి. గేదె అంటే నవ్వొస్తుంది. పిల్ల అన్నప్పుడు ఒక్కరికీ ఏమీ రాలేదు. మూడు నెలలుగా మనిషికి దారియ్యండని తిరిగా. మనిషికి మీ దగ్గర కట్టుబాటు లేదు. నీళ్ళకుంది, గొడ్డుకుంది. మీరంతా గట్టు మింగి ఇళ్ళు కట్టుకున్నారు, మీ పిల్లలే ఆ రోడ్డెక్కి పోతున్నారు, ఇవాళ నాది, రేపు ఎవరిదో. ఇంటికెళ్ళి మీ పిల్లల కాళ్ళు ఒకసారి తడుముకోండి."

మిత్వల్లీ గడ్డం నిమురుకుని, ఆవిడ వైపు చూడలేక టీ గ్లాసు వైపు చూస్తూ తీర్పు చెప్పాడు. బోదె తెరిచే ఉంచాలి. దాని పక్కన, మేత మోపు ఎత్తిన గేదె ఒరుసుకోకుండా పోయేంత గట్టు వదలాలి. నబవియ్యా పొలంలో పచ్చదనం, కొట్టంలో గేదె ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ముయ్యకూడదు. ఆ గట్టు మీద ఎవరు నడిచినా అడ్డు చెప్పకూడదు. ఫర్గలీ బిల్డింగు ఎంత సన్నబడుతుందో అంతా సన్నబడాల్సిందే.

అందరూ లేస్తుంటే షహాతా అక్క దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"గెలిచావు. ఎన్నాళ్ళు? గేదె ముసలిది, నువ్వు దానికన్నా ముసలిదానివి. దాని కళ్ళు మూతపడ్డ మర్నాడు గోడ కడతా."

"కట్టుకో. కానీ అది చూడిది. పుట్టబోయే దూడ నీ లెక్కలో లేదు."

ఫర్గలీ నబవియ్యా నేల తనకొద్దన్నాడు. రెండు ఫ్లాట్లూ పోయాయి. ఆ సాయంత్రం సబాహ్ తల్లితో మాట్లాడకుండా బీన్స్ గిన్నె ముందు పెట్టి, రొట్టె పక్కన పడేసింది. నబవియ్యా తినలేదు. చాలాసేపటికి సబాహ్ వచ్చి పక్కన కూర్చుంది. ఈ మోకాళ్ళతో రోజూ మేత ఎలా కోస్తావని అడిగింది. కొయ్యకపోతే ఏం జరుగుతుందో విన్నావుగా అంది తల్లి. ఆ మోకాళ్ళ గురించి ఆవిడ కూడా చాలా కలలు కంది. లిఫ్టు, కొళాయిలో వేడినీళ్ళు, పొద్దున లేవకపోయినా అడిగేవాడు లేని మంచం. అవన్నీ ఒక గట్టు కింద పూడ్చుకుంది. అవి పోయాయని కాదు ఆవిడ కోపం, ఒక గట్టుకి ఇంత ఎందుకివ్వాల్సి వచ్చిందని.

మరో వారానికి షహాతా పళ్ళు నూరుకుంటూనే రెండు వైపులా గోడ పడగొట్టించాడు. బడివాళ్ళు వెనక గేటుకి నూనె పోసి తీశారు. మొదటి రోజు పొద్దున తూర్పు సందుల పిల్లలంతా పెద్ద రోడ్డు కాస్త ముక్కే నడిచి నబవియ్యా సందులోకి దిగి, ఆవిడ ఇంటి పక్కనుంచి గట్టెక్కారు. ఇంతమంది పిల్లలు ఇన్నాళ్ళూ బడి దాకా ఆ రోడ్డు మీదే నడిచారా అనుకుంటూ ఆవిడ లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసింది. ఒకరినొకరు తోసుకుంటూ, సంచులతో కొట్టుకుంటూ, సగంమంది గట్టు దిగి మేతలో పరుగెత్తారు.

"దిగకండర్రా, దిగకండి! మేత తొక్కితే మీ దారి తొక్కుకున్నట్టే!"

పిల్లలకి అది అర్థం కాలేదు కానీ ఆ గొంతుకి భయపడి వరసలోకి వచ్చారు. అందరూ పోయాక చివర్న రిహామ్ వచ్చింది. కర్ర చివర తడి మట్టిలో దిగబడుతుంటే ఆగి, పీక్కుని, మళ్ళీ అడుగేస్తోంది. నబవియ్యా చెయ్యి అందివ్వబోతే వద్దని తల అడ్డంగా ఊపింది. గేటు దాకా ఒక్కతే పోయింది. గట్టు పొడుగునా కర్ర గుచ్చిన గుండ్రటి గుంటలు మిగిలాయి.

గంట మోగింది. హాజరు మొదలైంది. నబవియ్యా కొడవలి పట్టుకుని మేతలో నిలబడిపోయింది. పేరు తర్వాత పేరు పిలిచారు, పిల్లలు పలికారు. తర్వాత రిహామ్ అని పిలిచారు. సన్నగా, కానీ అందరికీ వినబడేలా, హాజర్ అన్నది ఆ పిల్ల.

ఆ గొంతు విన్నాక కూడా నబవియ్యాకి కోపం తగ్గలేదు. ఒక పిల్ల బడికి పోవడానికి ఒక ముసలిది చచ్చేదాకా మేత పెంచాలా అనిపించింది, కళ్ళు తుడుచుకుంటూ ఊరంతటినీ పేరు పేరునా తిట్టింది. తర్వాత నడుం వంచి గేదెకి మేత కోసింది. గట్టు పక్క వరస మాత్రం కొయ్యలేదు, అది పచ్చగా ఉండాలి.